చీటీలో పడ్డ కాఫీ మెషీన్

అశోక్‌నగర్,
11 జూన్ 2012

అక్కా,

రెండేళ్ల తర్వాత నా దస్తూరి చూసి కవరు అటూ ఇటూ తిప్పి ఉంటావు. ఎవరూ పోలేదు, భయపడకు. నల్లాలు బాగుచేసే కురుమయ్య నిన్ను నారాయణగూడ గల్లీలో చూశాడట. సంచి నిండా పాలకూర కొనుక్కుని గట్టిగానే నడుస్తున్నావని చెప్పాడు. సంతోషం. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. నేను అరిచానంటే కింద హాస్టల్లో పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు మూసి పైకి చూస్తారు. అందుకని రాస్తున్నాను.

విషయం కాఫీ మెషీన్. నాన్న మెషీన్ అని నువ్వంటావు. నాన్న పోయిన పదకొండో రోజు ఆయన ఫొటో ముందు చీట్లు వేస్తే నా పేరు మీద పడింది కాబట్టి నా మెషీన్ అని నేనంటాను. బీరువా నీకు పడింది, నేనేమన్నా అన్నానా? "చీటీల పడ్డదాన్ని ఎవ్వరు అడగొద్దు. అడిగితే తండ్రిని తక్కువ చేసినట్టే" అని బుగ్గమ్మ అత్త అందరి ముందూ చెప్పింది. నువ్వు అడగలేదు, నిజమే. కానీ గడప దాటుతూ "దాని చేతుల అది ఆర్నెల్లు బతకదు" అన్నావు. రెండేళ్లు బతికింది. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

ఇప్పుడు కారుతోంది. పాలు నురగ పట్టించే ఆవిరి తయారవుతుందే, ఆ రాగి బాయిలర్ వైపు నుంచి. పొద్దున బల్ల తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ మడుగు. మీ మరిది ఉమాకాంత్‌కు ఇంటికొచ్చిన వాళ్లందరికీ నురగ కాఫీ ఇచ్చి "ఇది మా మామగారి కాలం నాటిది" అని గొప్పలు పోవడం అలవాటైంది. పోయిన ఆదివారం వాళ్ల బ్యాంకు మేనేజర్ వస్తే బల్ల మీది నుంచి నీళ్లు ధార కట్టి ఆయన సాక్సులు తడిపాయి. ఆయన కాళ్లు పైకి పెట్టుకుని కాఫీ తాగాడు. ఉమాకాంత్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, మెషీన్‌ను కన్న తల్లిని నేనే అయినట్టు.

నీ చేయి ముప్పై ఏళ్లు దాని మీదే ఉంది. ఏం చేయాలో రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

నీ చెల్లెలు,
త్రివేణి

నారాయణగూడ,
16 జూన్ 2012

చి.సౌ. త్రివేణికి సులోచన ఆశీర్వదించి రాయునది.

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకు నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజులు పట్టింది. నాన్న మంచం పట్టాడని కబురు పెట్టినప్పుడు నువ్వు రావడానికి పట్టిన రోజులతో చూస్తే ఇది విమానంలో వచ్చినట్టే.

కురుమయ్యతో చెప్పు, అది పాలకూర కాదు, గోంగూర.

నీ ఉత్తరంలో మేనేజర్ సాక్సులు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. బాయిలర్ వైపు నుంచి కారుతోందంటే ఏం తెలుస్తుంది? పైనుంచా, కిందనుంచా, ముందునుంచా? చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుందా, వేడెక్కాకేనా? సరే, నీకు చేతకాదని తెలిసి కూడా అడగడం నాదే తప్పు. చెప్పినట్టు చెయ్యి.

ముందు ప్లగ్ పీకు. బాయిలర్ పూర్తిగా చల్లారాలి, ఆవిరి ఒత్తిడి చూపే మీటర్ ముల్లు సున్నాకు రావాలి. అప్పుడు వెనక రేకు తీసి, పొడిగుడ్డతో లోపలంతా తుడిచి, కింద దినపత్రిక పరుచు. మళ్లీ స్విచ్ వేసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చో. చేయి పెట్టకు, కళ్లతోనే చూడు. మొదటి చుక్క పేపర్ మీద ఎక్కడ పడిందో చూసుకుని, స్విచ్ ఆపాక అక్కడ పెన్నుతో సున్నా చుట్టు. తర్వాతి చుక్కలను నమ్మకు. నీళ్లు గొట్టాల వెంబడి జారి ఎక్కడెక్కడో పడతాయి.

పైన ఉన్న సేఫ్టీ వాల్వ్ బుసకొడుతుందా? మీటర్ ముల్లు ఎర్రగీత దాటుతోందా? దాటితే స్విచ్ ఆపి పిల్లలతో సహా బయటికి వచ్చేయి. ఉమాకాంత్ లోపల ఉండిపోయినా ఫర్వాలేదు.

ఏ నీళ్లు పోస్తున్నావు? బోరు నీళ్లు పోయొద్దని నాన్న చిక్కడపల్లి ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాడు. ఇల్లు అమ్మినప్పుడు గోడతో పాటు ఆ మాటను కూడా అమ్ముకున్నాం.

పద్నాలుగేళ్లప్పుడు నాన్న నన్ను హోటల్లో ఆ మెషీన్ ముందు నిలబెట్టాడు. నువ్వు అప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చుని సోంపు తినేదానివి. హోటల్ మూసేసి మెషీన్ ఇంటికి తెచ్చాక కూడా నాన్న నాలుగింటి కాఫీ నేనే చేశాను. నా చెవులు దాని ఆవిరి చప్పుడుకే పోయాయని డాక్టర్ అన్నాడు. మా ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే ఉండేది, అది చివరికి నీ బల్ల ఎక్కింది. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో. పేపర్ సంగతి చూడు.

ఇట్లు,
సులోచన

తా.క. ఉమాకాంత్‌ను పానా ముట్టుకోనివ్వకు.

అశోక్‌నగర్,
24 జూన్ 2012

అక్కా,

నీ తాజాకలం ఆలస్యంగా వచ్చింది. ఆయన అప్పటికే పక్కింటి నుంచి పానా తెచ్చి, బనీను వేసుకుని నిలబడి, కనబడిన నట్టల్లా బిగించేశాడు. బిగించాక ఇంకా ఎక్కువ కారుతోంది. "ఇప్పుడు జర ఆగుతది చూడు" అని ఇప్పటికి నాలుగుసార్లు అన్నాడు.

పేపర్ పరిచాను. స్టూలు మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు మొదటి చుక్క కోచింగ్ సెంటర్ ప్రకటన మీద, ర్యాంకు వచ్చిన అబ్బాయి నుదుటి మీద పడింది. సున్నా చుట్టాను. సరిగ్గా దాని పైన బాయిలర్ వెనక మూత ఉంది. కరెంటు రాడ్డు లోపలికి పోయే చోట ఇత్తడి బిళ్ల, దాని చుట్టూ ఆరు నట్లు. నట్ల దగ్గర తెల్లటి పొడి. మొదట్లో వేడెక్కాకే కారేది, ఇప్పుడు చల్లారినా ఆగట్లేదు. ముల్లు ఎర్రగీతకు చాలా కిందే ఉంది. వాల్వ్ బుసకొట్టట్లేదు. ఇంట్లో బుసకొట్టేది ఉమాకాంతే.

బోరు నీళ్లే పోశాను. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, తాగడానికే చాలదు. కాఫీ సుద్ద వాసన వేస్తోందని మే నెలలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి బాయిలర్ లోపల కడిగాను. దోసెడు తెల్ల పెంకులు వచ్చాయి. ఆ వారం నుంచే కారుతోంది. ఇంతకంటే వివరంగా నాకు రాయడం రాదు.

నాన్న దగ్గరికి రాలేదన్నావు. ఆ నెలలో ఇద్దరు పిల్లలకూ పరీక్షలు. పిల్లలున్న వాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. నీకు తెలిసే అవకాశం దేవుడివ్వలేదు. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. పెన్నుతో రాశాను కదా, కొట్టేసినా కనబడుతుంది. ఉండనీ.

ఇల్లు ఇరుకుగా ఉంది అక్కా. పిల్లల పుస్తకాలకే చోటు లేదు, ఈ మెషీన్ సగం బల్ల తినేస్తోంది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. నువ్వేం చెబితే అదే చేస్తాను.

త్రివేణి

నారాయణగూడ,
29 జూన్ 2012

చెల్లీ,

దేవుడివ్వలేదన్నావు. నిజమే, ఇవ్వలేదు. దాని గురించి ఇంకేమీ రాయను.

ఇప్పుడు నేను రాసేది రెండుసార్లు చదువు. రాగి పగిలింది. మూత దగ్గర బాయిలర్ అంచుకు సన్నని చీలిక పడి ఉంటుంది. ఇన్నాళ్లూ బోరు నీళ్ల సున్నం దాన్ని మూసి ఉంచింది. నిమ్మ ఉప్పుతో నువ్వు ఆ సున్నం కడిగేశావు. ఉమాకాంత్ బిగించి చీలికను ఇంకా పెంచాడు. వేడెక్కినప్పుడల్లా అది పెరుగుతుంది. ఒక రోజు ఆవిరి పట్టలేక మూత ఊడి ఎగురుతుంది. అట్లా ఎగిరిన మూత ఒక హోటల్లో గోడకు గుచ్చుకోవడం నేను కళ్లారా చూశాను. ముల్లు కింద ఉంది కదా అని ధైర్యపడకు. పగిలిన రాగి ముల్లుకు చెప్పి పగలదు.

నీ బల్లకు గోడ అవతలే కదా పిల్లలు పడుకునేది? నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సహించట్లేదు. నీ మీద నాకు ఎంత కోపమున్నా నువ్వు కాలిపోవాలని నేను కోరుకోను. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ముందు ఎత్తుకున్నది నేనే, అమ్మ కూడా కాదు.

ఇది బాగు కాదు. ఇక స్విచ్ వేయకు. కాచిగూడలో పాత సామాన్లు కొనే మొగిలయ్య ఉన్నాడు, నాకు హోటల్ రోజుల నుంచి తెలుసు. పదో తారీకు మంగళవారం ట్రాలీ వేసుకుని మీ ఇంటికి వస్తాడు. ఒక్క నట్టు కూడా విప్పకుండా, ఉన్నది ఉన్నట్టుగా అతనికి అప్పగించు. వేరే మెకానిక్‌లకు చూపించకు. బాగుచేస్తామని ఆశపెట్టి నీ ప్రాణం మీదికి తెస్తారు. మొగిలయ్య ఒక్కడికే ఇవ్వు.

నీ క్షేమం కోరే,
అక్క

అశోక్‌నగర్,
11 జూలై 2012

మా మంచి అక్కకు,

నీ ఉత్తరం అందింది. చదివి ఏడ్చాను. ఉమాకాంత్ వచ్చి "ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు. లేదు, మా అక్క నన్ను బతికించింది అని చెప్పాను.

నువ్వు చెప్పినట్టే స్విచ్ వేయలేదు. కానీ ఒక్క విషయంలో నీ మాట దాటాను, కోప్పడకు. మొగిలయ్యకు ఇస్తే ఏమవుతుంది? అతను వ్యాపారి. చింతపండుతో తోమి తళతళలాడించి ఏ హైదర్‌గూడ వాళ్లకో అమ్ముతాడు. వాళ్లింట్లో పిల్లలుంటారు. మూత ఎగిరి వాళ్లకు ఏదైనా అయితే ఆ పాపం మనిద్దరికీ చుట్టుకోదా? నువ్వు ఇంత మంచి మనసుతో రాశాక నేను ఊరికే ఉంటానా? అందుకే ఇంకెవరూ వాడలేకుండా చేశాను.

ఆదివారం కురుమయ్యను పిలిచి కింద వాకిట్లో పెట్టించి సమ్మెటతో కొట్టించాను. నీళ్లు కనబడే గాజు గొట్టం ముందు పోయింది. మీటర్ రెండో దెబ్బకు పోయింది. బాయిలర్ మాత్రం గట్టిది అక్కా, అది చదునయ్యేసరికి కురుమయ్య రెండుసార్లు కూర్చుని నీళ్లు తాగాడు. హాస్టల్ పిల్లలు మెట్ల మీద నిలబడి చూశారు. "కుమారస్వామి కాఫీ" అని నాన్న పేరు చెక్కించిన ఇత్తడి రేకు ఉంది చూడు, అది కూడా నాలుగు మడతలు పడింది. నువ్వు గోడకు గుచ్చుకున్న మూత గురించి రాశావు కదా, అదే తలుచుకుంటూ అక్కడే నిలబడి చివరి దాకా చూశాను.

నిన్న మొగిలయ్య ట్రాలీతో వచ్చాడు. "సులోచనమ్మ పూరా మెషీన్ ఉంటదన్నది గద?" అని చాలాసేపు తల గోక్కున్నాడు. ఆమె కంగారులో అట్లా చెప్పి ఉంటుందన్నాను. ముక్కలన్నీ గోనెసంచిలో ఎత్తి ఇచ్చాను. ఊరికే ఇచ్చాను, నీ మనిషి కదా.

మనసు తేలికైంది. ఒకసారి ఇంటికి రా. పాతవన్నీ మర్చిపోదాం.

నీ మాట మీద బతికిన,
చెల్లెలు త్రివేణి

నారాయణగూడ,
15 జూలై 2012

త్రివేణీ,

నీ ఉత్తరం కంటే ముందు గోనెసంచి వచ్చింది.

మంగళవారం పొద్దున్నే కిటికీ కింద బల్ల ఖాళీ చేశాను. దాని మీద కొత్త ప్లాస్టిక్ గుడ్డ పరిచాను. గల్లీలో నల్లా నీళ్లు రెండు బిందెలు పట్టి మూతపెట్టి ఉంచాను. నాకు ట్రాలీ చప్పుడు వినబడదు కాబట్టి తొమ్మిదింటి నుంచి గుమ్మంలోనే నిలబడ్డాను. మొగిలయ్య వచ్చి సంచి దించి, నోరు పెద్దగా తెరిచి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "గిదే ఇచ్చిండ్రమ్మా" అన్నాడు. సంచి మూతి విప్పి చూపించాడు. అతనికి మంచినీళ్లు ఇచ్చాను.

ఇప్పుడు నిజం రాస్తాను. రాగి పగల్లేదు. ఏ హోటల్లోనూ ఏ మూతా ఎగరలేదు. ఆ ఇత్తడి బిళ్లకూ బాయిలర్‌కూ మధ్య ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. కొన్నేళ్లకు అది ఎండి పెంకులా అవుతుంది. సున్నం పట్టి ఉన్నంత కాలం కారదు. నువ్వు సున్నం కడిగావు, నీ మొగుడు ఒక పక్కే బిగించి దాన్ని విరగ్గొట్టాడు. కాచిగూడలో ఏ దుకాణానికి పోయినా రబ్బరు షీటు మీద గీసి కోసి ఇస్తారు. కొత్తది పెట్టి ఆరు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గంట పని. నాన్న ఉండగా నేనే మూడుసార్లు మార్చాను. నీ పేపర్ మీది సున్నా సంగతి చదవగానే నాకు తెలిసిపోయింది.

మొగిలయ్య నీ దగ్గర తీసుకుని తిన్నగా మా ఇంటికి తేవాలని మాట్లాడుకున్నాను. అందుకే ఆ అబద్ధం రాశాను. అన్నం సహించట్లేదని రాశాను, ఆ రోజు గోంగూర పప్పుతో రెండుసార్లు తిన్నాను. నీ పిల్లలు గోడ అవతల పడుకుంటారో ఇవతల పడుకుంటారో నాకు తెలియదు. నువ్వు బతికావని నాకు దండాలు పెడుతున్నావు. నీ బతుకు గురించి ఆ ఉత్తరం రాసేటప్పుడు నేను ఆలోచించనే లేదు.

జన్మలో నా మాట ఒక్కటి విన్నావా? జడ వేస్తానంటే వినలేదు, ఆ సంబంధం వద్దంటే వినలేదు. ఈ ఒక్కటే విన్నావు.

అడగొద్దని అత్త అందరి ముందూ అంది, నేను నోరు మూసుకున్నాను. అడగకుండానే నువ్వు ఇస్తావని రెండేళ్లు చూశాను. ప్రతి పండక్కీ చూశాను. అది నాకేమిటో నీకు తెలుసు. నాకు మొగుడి ఫొటో ముందు రాని ఏడుపు ఆ సంచి ముందు వచ్చింది. సిగ్గుగా ఉంది కానీ వచ్చింది.

ఈ నిజం నీకెందుకు రాస్తున్నానో కూడా విను. మంచిపని చేశానన్న తృప్తి నీకు మిగలకూడదు. మనసు తేలికైందన్నావు కదా, ఇక తేలిక పడకు.

సులోచన

అశోక్‌నగర్,
21 జూలై 2012

అక్కా,

నాకు తెలుసు.

రాగి పగిలిందన్న నీ ఉత్తరం వచ్చింది బుధవారం. నువ్వు కాలిపోవాలని కోరుకోను అన్న లైను, పుట్టినప్పుడు ముందు ఎత్తుకున్నది నేనే అన్న లైను, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అమ్మ పోయాక నాతో అంత మాట ఎవరూ అనలేదు. దిండు కింద పెట్టుకున్నాను. ఏడ్చానని రాశాను చూడు, అది అబద్ధం కాదు. ఉమాకాంత్ అడిగింది కూడా నిజమే.

ఆదివారం కురుమయ్యను పిలిచింది కరెంటు తీగలు ఊడదీయడానికి. మొగిలయ్యకే ఇద్దామనుకున్నాను, నువ్వు చెప్పినట్టే. అతను చూస్తూ చూస్తూ ఊరుకోలేక ఆ ఆరు నట్లూ విప్పేశాడు. వేలు పెట్టి నల్లటి ముక్కలు రెండు తీసి నా చేతిలో పెట్టాడు. "పగుళ్లు లేవు, ఏం లేవమ్మా. రబ్బరు పోయింది, గంతే. పొద్దుగాల కాచిగూడ పోయి కోపిచ్చుకొస్త" అన్నాడు. బాయిలర్ అంచంతా టార్చి వేసి చూపించాడు. అద్దంలా ఉంది.

కుర్చీలో కూర్చున్నాను. ఒక్క నట్టు కూడా విప్పొద్దని, ఎవరికీ చూపించొద్దని, మొగిలయ్య ఒక్కడికే ఇవ్వమని ఎందుకు రాశావో అప్పుడు తెలిసింది. మెషీన్ కోసమని తెలిస్తే నాకు కోపం రాకపోయేది. నా మీద ప్రేమ ఉన్నట్టు రాశావు చూడు, అది ఓర్చుకోలేకపోయాను.

ఇంట్లో సమ్మెట లేదు. పక్కన కట్టే ఇంటి దగ్గర్నుంచి కురుమయ్యతోనే తెప్పించాను. "వద్దమ్మా, మంచిగున్నదాన్ని ఎందుకు కొడ్తరు?" అని మూడుసార్లు బతిమాలాడు. మొదటి దెబ్బ నేనే వేశాను. తర్వాత కూర్చుని నీకు ఆ తీపి ఉత్తరం రాశాను. అది చదివి నువ్వు నిజం చెప్పలేక, ఏడవలేక చావాలని. నువ్వు చెప్పేశావు. అక్కడ నువ్వే గెలిచావు.

ఇంకొకటి విను. కురుమయ్య వారానికి రెండుసార్లు మా మెట్లెక్కుతాడు. మెకానిక్ దొరకక నీకు ఉత్తరం రాశాననుకున్నావా? అది కారుతోందని తెలిస్తే "నీకు చేతకాదే, ఇటు పంపు" అని తిడతావని రాశాను. తిట్టడం అడగడం కాదు కదా, అత్త మాట కూడా పోయేది కాదు. నాకై నేను తెచ్చి ఇస్తే, "నీ మెషీన్ నాకు భిక్ష వేశావా" అని మొహం మీదే తలుపు వేస్తావు. నీ సంగతి నాకు తెలియదా? ఇల్లు ఇరుకని కూడా రాశాను. నువ్వేం చెబితే అదే చేస్తానని రాశాను. అంతకంటే విడమరిచి ఎట్లా రాయను? ఆ ఉత్తరం పోస్టు చేసిన రోజే ఆటో స్టాండులో మాట్లాడి పెట్టాను, నారాయణగూడ దాకా మెల్లగా పోవాలి, పాత సామాను అని.

పిల్లల గురించి నేను రాసిన వాక్యం తప్పు. దానికి క్షమించు. మెషీన్ సంగతికి క్షమించమని అడగను.

ఇక నాకు రాయకు. రాస్తే చదవకుండా ఉండలేను.

త్రివేణి